బీపీ లెక్క ఎవరి దగ్గరుంది?

కిందటి వేసవిలో ఒకరోజు తెల్లవారుజామున మా నాన్న మంచం మీంచి లేచి రెండడుగులు వేశారో లేదో, కళ్లు తిరిగి తలుపు పట్టుకుని కూలబడిపోయారు. అదృష్టం, దెబ్బలేమీ తగల్లేదు. కానీ 74 ఏళ్ల మనిషి. పదకొండేళ్లుగా అధిక రక్తపోటుకు మాత్రలు వేసుకుంటున్నారు. భయమేసి ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: ‘‘ఇంట్లో బీపీ చూస్తుంటారా? ఓ మూడు నెలల రీడింగులు ఉన్నాయా?’’

‘‘ఉన్నాయండీ’’ అన్నాను కాస్త గర్వంగానే. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నవాణ్ని. మూడేళ్ల కిందటే ఓ యాప్ వేసి, నాన్న బీపీ చూసినప్పుడల్లా అందులో ఎక్కిస్తున్నాను. ఫోన్ తీసి తెరిచాను. ఎప్పుడూ కనిపించే పేజీ కాకుండా ఇంకేదో వచ్చింది. చివరి 14 రోజుల రీడింగులే ఉచితమట. అంతకుముందువి చూడాలంటే ఏడాది చందా కట్టాలట. పోనీ కట్టేద్దామంటే ఓటీపీ రాదు. ఆ గదిలో సిగ్నల్ లేదు. బయట యాభై మంది రోగులు. డాక్టరు గారు మర్యాదగా గోడ గడియారం వైపు చూశారు.

అప్పుడు నాన్న తన గుడ్డసంచీలోంచి మడిచిన క్యాలెండర్ కాగితాలు తీశారు. ‘‘ఒరేయ్, ఇవి పనికొస్తాయేమో చూపించు’’ అన్నారు. అయిపోయిన నెలల కాగితాలను పారేయడం ఆయనకు ఇష్టముండదు. వాటి మీద తేదీల పక్కనే పెన్సిల్‌తో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి రాసుకున్నారు. మధ్యలో కొన్ని రోజులు ఖాళీ. అయినా డాక్టరు గారికి అది చాలింది. రెండో మాత్ర మొదలుపెట్టిన తర్వాత పొద్దుటి పై అంకె 110 లోపే ఉంటోందని వేలుపెట్టి చూపించారు. నాన్నను అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూశారు. లేపి నిలబెట్టి నిమిషానికోసారి, మూడు నిమిషాలకోసారి మళ్లీ చూశారు. పై అంకె 26 పడిపోయింది.

పడుకున్నప్పుడున్న రక్తపోటు నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకెలో 20 గానీ, కింది అంకెలో 10 గానీ తగ్గితే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పెద్దవయసులో తుంటి ఎముక విరగడానికి ఇలాంటి తూలిపడటాలు ఓ ముఖ్య కారణం. డాక్టరు గారు మందు మోతాదు మార్చారు. (మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే మాత్రను మీకు మీరే తగ్గించకండి. ఆ పని డాక్టరుదే.) తిరిగొస్తూ ఆటోలో నాన్న ఏమీ అనలేదు. నాకే సిగ్గేసింది. మూడేళ్లుగా నేను ఎక్కించిన అంకెలు మా నాన్నవి. వాటిని చూడటానికి ఎవరికో డబ్బు కట్టాల్సిన పరిస్థితి తెచ్చింది నేను.

ఆవకాయ కొలత చెప్పినట్టు

ఆఫీసులో రోజూ వాడేది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే. మా సర్వర్లన్నీ 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ మీదే నడుస్తాయి. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ అదే. మీరు సినిమాలు చూసే వీఎల్‌సీ, చాలామంది ఇళ్లలో ఉండే ఫైర్‌ఫాక్స్ కూడా ఈ కోవలోవే. ఇంటి ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను ఆ సంగతే మరచిపోయి, ప్రకటనలో అందంగా కనిపించిన యాప్‌ను తెచ్చిపెట్టుకున్నాను.

ఇంతకీ ఓపెన్ సోర్స్ అంటే? మా అమ్మ ఆవకాయ కొలత ఎవరడిగినా చెబుతుంది. దాచుకోదు. నాన్నకు బీపీ అని తెలిశాక ఆ కొలతలో ఉప్పు తగ్గించింది. ఉప్పు తగ్గితే ఆవకాయ బూజు పడుతుంది కాబట్టి ఆయన కోసం చిన్న సీసాడు విడిగా కలిపి ఫ్రిజ్‌లో పెడుతుంది. కొలత చేతిలో ఉంది కాబట్టే మార్చుకోగలిగింది. కొనుక్కొచ్చిన సీసా అయితే ఆ వీలుండదు. సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే. ప్రోగ్రామ్‌ను ఎలా రాశారో అందరికీ కనబడేలా పెట్టి, వాడుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి అనుమతి ఇస్తే అది ఓపెన్ సోర్స్. మీకు ఆ కోడ్ చదవడం రాకపోవచ్చు. చదవగలిగినవాళ్లు చదివి, అందులో దొంగతనమేదైనా ఉంటే బయటపెడతారు. కొవిడ్ రోజుల్లో మనందరి ఫోన్లలో ఉన్న ఆరోగ్య సేతు 2020 ఏప్రిల్‌లో వచ్చింది. అది మన సమాచారాన్ని ఏం చేస్తోందన్న ప్రశ్నలు గట్టిగా వచ్చాక, మే నెలాఖరులో దాని ఆండ్రాయిడ్ కోడ్‌ను ప్రభుత్వం బయటపెట్టింది.

ఆరోగ్య సమాచారం విషయంలో ఇది చాదస్తం కాదు. కోట్లమంది మహిళలు వాడే ఓ నెలసరి యాప్, లోపలే ఉంచుతామని మాటిచ్చిన వివరాలను ప్రకటనల కంపెనీలతో పంచుకుందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2021లో ఆ కేసు రాజీతో ముగిసింది. బెర్లిన్‌లో కొందరు మహిళలు కలిసి తయారుచేసిన ‘డ్రిప్’ అనే ఓపెన్ సోర్స్ యాప్ అదే పని చేస్తుంది. కానీ రాసుకున్నదంతా ఫోన్‌లోనే ఉంటుంది. మా ఇంటర్ చదివే అమ్మాయి ఫోన్‌లో ఇప్పుడున్నది అదే. ఎందుకు మార్చాలో చెబితే ‘‘ముందే చెప్పొచ్చుగా నాన్నా’’ అంది.

అలాగని ఓపెన్ సోర్స్ అంటే అంతా అమృతం అనుకోకండి. చాలా యాప్‌లు చూడ్డానికి మొరటుగా ఉంటాయి. తెలుగులో ఉండేవి తక్కువ. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు ఏళ్లుగా ఈ లోటు పూడ్చడానికి పాటుపడుతున్నారు. కస్టమర్ కేర్ నంబరు ఉండదు. రాసినవాళ్లకు ఓపిక అయిపోతే ఆ యాప్ అక్కడే ఆగిపోతుంది. అందుకే ఏ యాప్ వేసుకున్నా, ఉచితమైనా డబ్బు కట్టేదైనా, మొదటిరోజే ఒక పని చేయండి. సెట్టింగుల్లో ‘ఎక్స్‌పోర్ట్’ అని ఉందేమో చూడండి. నొక్కితే మీ అంకెలన్నీ సీఎస్‌వీ లాంటి మామూలు ఫైలుగా బయటికి రావాలి. రాకపోతే ఆ యాప్‌లో మీ ఆరోగ్యం రాసుకోవద్దు. నేను ఆ ఒక్క బటన్ ముందే చూసి ఉంటే డాక్టరు గారి ముందు తలదించుకునేవాణ్ని కాదు.

యంత్రం కంటే కుర్చీ ముఖ్యం

ఆ రోజు డాక్టరు గారు ఇంకో మాట కూడా అడిగారు. ‘‘బీపీ ఎలా కూర్చుని చూస్తారు?’’ నాన్న సోఫా అంచున కూర్చుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, టీవీలో వార్తలు వింటూ చూసుకుంటారు. రాజకీయ చర్చ నడుస్తుంటే అంకె ఎలా వస్తుందో మీరే ఊహించుకోండి. అంటే మా అంకెల్లో కొన్ని అసలు నమ్మదగ్గవే కావు.

ఇంట్లో బీపీ యంత్రం ఉన్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి. చూసుకోవడానికి అరగంట ముందు నుంచి కాఫీ, టీ, పొగ వద్దు. మూత్రం ఆపుకుని కూర్చోవద్దు. వీపు ఆనే కుర్చీలో, పాదాలు రెండూ నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాదు, నేరుగా చర్మం మీద చుట్టాలి. చెయ్యి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. 2024లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే పై అంకె సగటున 4, పక్కకు వేలాడేస్తే 6 పైన ఎక్కువగా చూపింది. మందు పెంచాలా వద్దా అన్నది ఒక్కోసారి అంత తేడా మీదే ఆధారపడి ఉంటుంది. చేయి లావుగా ఉన్నవాళ్లకు మామూలు పట్టీ సరిపోదు. బిగుతు పట్టీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ విడిగా దొరుకుతుంది, అడిగి తీసుకోండి.

పొద్దున మాత్ర వేసుకోకముందు, టిఫిన్ తినకముందు రెండుసార్లు, మధ్యలో నిమిషం ఆగి చూడాలి. సాయంత్రమూ అంతే. డాక్టరును కలవబోయే ముందు వారం రోజులు ఇలా చూసి, మొదటిరోజువి వదిలేసి మిగిలినవాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే అది ఎక్కువ కిందే లెక్క. ఆసుపత్రిలో చూసే 140/90కి ఇంట్లో ఇది సమానం. కొందరికి తెల్లకోటు చూడగానే బీపీ పెరుగుతుంది. మరికొందరికి ఆసుపత్రిలో బాగానే ఉండి ఇంట్లో ఎక్కువ ఉంటుంది. ఈ రెండో రకం వాళ్లను పట్టుకునేది ఇంటి రీడింగులే.

మా ఇంట్లో ఇప్పుడు నాన్న పెన్సిల్‌తో క్యాలెండర్ మీదే రాస్తారు. ఆదివారం నేను వాటిని లిబ్రే ఆఫీస్‌లో ఓ పట్టికగా ఎక్కిస్తాను. ఇదీ ఓపెన్ సోర్సే, ఎక్సెల్ చేసే పని చేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఏదో పెద్ద టెక్నాలజీ చెబుతాననుకుని ఉంటే నిరాశపరిచినందుకు క్షమించండి. పది నిమిషాల పని. నెలకోసారి ఒక కాగితం ప్రింటు తీస్తాను.

రాత్రి 11.40కి హాల్లో నడక

ఇక నా సంగతి. చేతికి బ్యాండు కట్టిన కొత్తలో రోజుకు పదివేల అడుగులు పూర్తిచేయకపోతే నిద్రపట్టేది కాదు. వరసగా 63 రోజులు చేశాను. 64వ రోజు ఆఫీసులో ఆలస్యమై, రాత్రి 11.40కి హాల్లో గోడ నుంచి గోడకు తిరుగుతుంటే మా ఆవిడ లేచి వచ్చి ‘‘మీకేమైనా పట్టిందా?’’ అంది. తెల్లారి ఆరింటికి లేవాల్సినవాణ్ని, అడుగుల కోసం నిద్ర చెడగొట్టుకుంటున్నాను. మరుసటి వారం జ్వరమొచ్చి వరస తెగింది. సున్నా అయిపోయింది కదా అని ఆ తర్వాత నెలన్నర అసలు నడవలేదు.

పదివేలన్న ఆ అంకె ఏ వైద్య పరిశోధన నుంచీ పుట్టలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఓ అడుగుల లెక్కింపు పరికరం పేరు ‘మాన్పో-కెయ్’. అంటే పదివేల అడుగుల మీటరు అని. పేరు బాగుంది కాబట్టి నిలిచిపోయింది. 2019లో హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ల వయసున్న దాదాపు 17 వేల మంది మహిళల మీద చేసిన అధ్యయనం చూడండి. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు స్పష్టంగా తక్కువ. సుమారు 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు. మీ అమ్మగారు పార్కు దాకా వెళ్లి వచ్చి ‘నాలుగువేలే అయ్యాయి’ అని బాధపడుతుంటే ఈ సంగతి చెప్పండి.

నేను బ్యాండు తీసేసి ‘లూప్ హ్యాబిట్ ట్రాకర్’ అనే ఓపెన్ సోర్స్ యాప్ వేసుకున్నాను. ఖాతా తెరవనక్కర్లేదు. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. ప్రకటనలుండవు. నాకు అన్నిటికంటే నచ్చింది, ఒకరోజు మానేస్తే అది మీ లెక్కను సున్నా చేయదు. అలవాటు బలం కాస్త తగ్గిందని చూపిస్తుంది, మళ్లీ నడిస్తే పెరుగుతుంది. మనల్ని పట్టి ఉంచాలన్న అవసరం లేనివాళ్లు రాస్తే యాప్ ఇలా ఉంటుందేమో అనిపిస్తుంది. జ్వరం వచ్చిన రోజున అది నన్ను తిట్టదు.

చేతుల కథ కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట రాత్రిళ్లు కుడిచేతి బొటనవేలు, పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ సమస్య అన్నారు. రాత్రి పట్టీ కట్టుకోమన్నారు, మణికట్టు వంచి గంటల తరబడి టైపు చేయొద్దన్నారు. మా వృత్తిలో చేతుల నొప్పి కొత్తేమీ కాదు. 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి పునాది వేసిన రిచర్డ్ స్టాల్‌మన్‌కే 90ల్లో చేతుల నొప్పితో, తాను చెబుతుంటే వేరేవాళ్లు టైపు చేయాల్సిన పరిస్థితి వచ్చింది. కంప్యూటర్‌లో ‘వర్క్‌రేవ్’ వేసుకున్నాను. కొన్ని నిమిషాలకోసారి అరనిమిషం, ఇంకొంత సేపటికి పెద్ద విరామం తీసుకోమని గుర్తుచేస్తుంది. మొదట్లో ‘వాయిదా’ బటన్ నొక్కడమే నా పని. చివరికి సెట్టింగుల్లో ఆ బటన్‌నే తీసేశాను. ఇప్పుడది ఆపమంటే లేచి మంచినీళ్లు తాగొస్తాను. కిటికీలోంచి దూరంగా చూస్తాను, కళ్లకూ మంచిది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడమని కంటి వైద్యులు చెప్పేది ఇదే.

రాత్రిళ్లు తెరను పసుపురంగులోకి మార్చే ‘రెడ్‌షిఫ్ట్’ కూడా వాడి చూశాను. నా మట్టుకు దానివల్ల నిద్ర బాగుపడలేదు. కళ్లకు హాయిగా ఉందని ఇంకో గంట ఎక్కువ కూర్చున్నాను! తర్వాత పదింటికి ల్యాప్‌టాప్ మూసేసి ఫోన్‌ను వంటింట్లో ఛార్జింగ్‌కు పెట్టడం మొదలుపెట్టాక బాగుపడింది.

ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు

బీపీ ఇంట్లో ఉంటే ఉప్పు మాట తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే అంటోంది. అంటే సుమారు ఒక టీస్పూను, అన్నిటిలో కలిపి. ప్యాకెట్ల మీద ఉప్పు అని రాయరు, సోడియం అని రాస్తారు. సోడియాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు వస్తుంది. ఉదాహరణకు 100 గ్రాముల్లో 1,200 మిల్లీగ్రాముల సోడియం అని ఉన్న నూడుల్స్ ప్యాకెట్ 70 గ్రాములదైతే, అందులో ఉప్పు 2 గ్రాముల పైనే. ఒక్క గిన్నెలో దాదాపు సగం రోజుది అయిపోయింది.

2012లో ఫ్రాన్స్‌లో స్టెఫాన్ జిగాండే మొదలుపెట్టిన ‘ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్’ ఈ చిన్న అక్షరాలను చదవడానికి సాయపడుతుంది. బార్‌కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే చక్కెర, ఉప్పు, కొవ్వు ఎంతెంతో చూపిస్తుంది. వికీపీడియాలాగే ఈ వివరాలన్నీ వాలంటీర్లు ఎక్కించినవే. మేం స్కాన్ చేసిన మొదటి నాలుగు ప్యాకెట్లలో మూడు అందులో లేవు. విసుగొచ్చి ఫోన్ పక్కన పడేయబోయాను. మా అమ్మాయి మాత్రం లేబుల్ ఫొటోలు తీసి ఆ మూడింటినీ తనే ఎక్కించింది. ఎక్కించడానికి అంకెలు చదవాలి కదా. ఆ పూటే తనకిష్టమైన మసాలా చిప్స్‌లో ఎంత ఉప్పుందో తెలిసింది. నేను ఆరేళ్లు చెప్పి ఆపలేనిది అలా తగ్గింది. ఇప్పటికి 40కి పైగా ఎక్కించింది. అమ్మమ్మగారి ఊరెళితే అక్కడి కొట్లో అప్పడాల ప్యాకెట్లూ వదల్లేదు.

ఎదురుచూడలేని తల్లిదండ్రులు

ఇదంతా ఉప్పూ అడుగుల ముచ్చటేనా అనుకోకండి. ప్రాణాలకు సంబంధించిన కథ ఒకటుంది. 2012లో అమెరికాలో జాన్ కాస్టిక్ అనే ఇంజినీరు నాలుగేళ్ల కొడుక్కి టైప్-1 మధుమేహం అని తేలింది. ఒంట్లో ఇన్సులిన్ తయారవదు. బయటి నుంచి ఇస్తూ, గ్లూకోజు పడిపోకుండా కాపలా కాయాలి. పిల్లవాడి ఒంటికి సెన్సర్ ఉంది. కానీ దాని అంకె పక్కనున్న చిన్న పెట్టెలోనే కనబడుతుంది. పిల్లవాడు బడిలో ఉంటే తండ్రికి తెలియదు. ఆయన ఆ అంకెలను ఇంటర్నెట్‌లోకి పంపే ప్రోగ్రామ్ రాశారు. అది చూసి మరికొందరు తల్లిదండ్రులు చేతులు కలిపారు. అలా పుట్టిందే ‘నైట్‌స్కౌట్’. మేమిక ఎదురుచూడం అన్నది వాళ్ల నినాదం. సియాటిల్‌లో డానా లూయిస్ అనే యువతిది మరో బాధ. ఆమెకూ టైప్-1. నిద్రలో గ్లూకోజు పడిపోతే సెన్సర్ అలారం ఆమెను లేపేంత గట్టిగా మోగదు. గట్టి అలారం కోసం మొదలుపెట్టిన పని, ఇన్సులిన్ పంపును తనంతట తానే సర్దే ‘ఓపెన్ ఏపీఎస్’గా 2015లో అందరి చేతికీ వచ్చింది.

ఇంట్లో తయారుచేసుకున్నది నమ్మొచ్చా? న్యూజిలాండ్‌లో 97 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఓపెన్ సోర్స్ పద్ధతి వాడినవాళ్ల గ్లూకోజు మిగతావాళ్ల కంటే రోజుకు మూడు గంటల పైచిలుకు ఎక్కువసేపు సరైన హద్దుల్లో ఉంది. టైప్-1 పిల్లలున్న తల్లిదండ్రులు దీని గురించి చదవండి, మీ ఎండోక్రైనాలజిస్టుతో మాట్లాడండి. ఆయన పర్యవేక్షణ లేకుండా మాత్రం ఇన్సులిన్‌తో ప్రయోగాలు వద్దేవద్దు.

ఒక హెచ్చరిక మరచిపోయాను. ఉచిత ఆరోగ్య యాప్ అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను ముట్టుకోకండి. ఓపెన్ సోర్స్‌కూ వాటికీ సంబంధం లేదు. బ్యాంకు ఖాతాలు ఖాళీ అయ్యేది వాటివల్లే. నేను పైన చెప్పిన లూప్, ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్ రెండూ ప్లే స్టోర్‌లోనే దొరుకుతాయి.

పోయిన నెల నాన్నను మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ప్రింటు కాగితం ఇచ్చాను. పొద్దుటి సగటు 128/76, నిలబడితే తగ్గేది 8. డాక్టరు గారు చూసి, మాత్రలు అలాగే కొనసాగించమన్నారు. నాన్న మాత్రం సంచీలోంచి క్యాలెండర్ కాగితాలు కూడా తీసి బల్ల మీద పెట్టారు. ‘‘ప్రింటు ఇచ్చాగా నాన్నా’’ అన్నాను. ‘‘పన్నెండో తారీఖు సాయంత్రంది తప్పెక్కించావు, చూసుకో’’ అన్నారు. చూశాను. నిజమే, 134ను 143 చేశాను.